మొదటి వాక్యంలో పారిన నీళ్ళు

మా అత్తగారికి చెవుడు. వార్త రాయడం నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

ఆవిడ వసారాలో కూర్చుని బియ్యం చెరుగుతూ ఉండేది. ఊళ్ళో ఏదైనా జరిగితే నేను వంటింటి గుమ్మంలో నిలబడి గట్టిగా అరిచి చెప్పాలి. "చల్లపల్లి నుంచి వస్తుంటే దారిలో జనం మూగి ఉన్నారత్తయ్యా, ఏంటా అని మేమూ దిగి చూస్తే..." అని మొదలుపెట్టానంటే, "ఆఁ ఆఁ" అంటూ చేట ఆడిస్తూనే ఉండేది. "బస్సు కాలవలోకి దిగిపోయింది!" అన్నాననుకోండి, చేట ఆగిపోయేది. "అయ్యో, ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అని తనే అడిగేది. ఇక ఆ తర్వాత ఎంతసేపు చెప్పినా వినేది.

చేట ఆగిందా లేదా? ముప్పై ఏళ్ళకు పైగా నేను రాసిన ప్రతి వార్తకూ నా కొలత అదే.

నేను చదివింది ఏడో తరగతి. మా ఆయన మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ పేపరు ఏజెంటు. ఆ రోజుల్లో పేపరు వేసే మనిషే వార్తలు కూడా పంపాలి. వేరే విలేకరిని పెట్టేంత పెద్ద ఊరు కాదు మాది. మా ఆయనకు సైకిలు తొక్కడం వచ్చినంత బాగా రాయడం రాదు. "నువ్వు ఇరుగుపొరుగుకి కబుర్లు బాగా చెబుతావు కదా, అదే కాగితం మీద పెట్టు" అని ఒకరోజు తెల్లకాగితాలు నా ముందు పడేశాడు. అలా దిగాను ఈ పనిలోకి. రాసింది కవర్లో పెట్టి విజయవాడ బస్సు డ్రైవరు చేతికిస్తే, అది గవర్నర్‌పేటలో మా పేపరు ఆఫీసుకు చేరేది. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది, వాట్సాప్ వచ్చింది. ఆ మధ్య కంటి ఆపరేషను అయ్యాక మానేశాను.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, "ఆంటీ, ఇంట్రో ఎలా రాయాలండీ?" అని అడుగుతుంటారు. ఇంట్రో అంటే వార్తకు మొదటి వాక్యం. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి, చివరికి రాయడానికి కూర్చున్నాను.

పదకొండో వాక్యంలో మంట

నేను పంపిన తొలి వార్త ఒక అగ్నిప్రమాదం. పక్క ఊళ్ళో గడ్డివాము అంటుకుని, దాన్ని ఆనుకుని ఉన్న పూరిల్లు కాలిపోయింది. ఇంట్లో వాళ్ళు క్షేమం. నేను కబుర్లు చెప్పే అలవాటులోనే రాశాను. ఆ ఇంటాయన ఎవరు, వాళ్ళ నాన్న ఎక్కడి నుంచి వచ్చి స్థిరపడ్డాడు, ఆ వేళ గాలి ఎటు నుంచి వీచింది, ఇంటావిడ ఎక్కడికి వెళ్ళింది, అన్నీ వరసగా. రెండు కాగితాలు నిండాయి. నాకు నేనే ముచ్చటపడ్డాను.

మర్నాడు కొట్టు దగ్గరున్న ఫోనుకు కబురొచ్చింది. అవతల మూర్తి గారు. మా జిల్లా వార్తలు చూసే డెస్కుకు పెద్ద ఆయన. నా వార్తలు దిద్దేదీ, వేసేదీ, అవతల పారేసేదీ ఆయనే.

"రత్నమ్మ గారూ, మీ వార్త చదివానండీ. చాలా బావుంది."

నేను పొంగిపోయాను.

"ఇల్లు తగలబడిందని పదకొండో వాక్యంలో తెలిసిందండీ. అప్పటికి ఫైరింజను కూడా వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది."

కొట్లో ఉన్న వాళ్ళందరూ నా మొహం వంకే చూస్తున్నారు. "మరి ముందు సంగతులు చెప్పకపోతే ఎట్లాగండీ?" అన్నాను.

"చెప్పండి. కాలిన తర్వాత చెప్పండి."

మా అత్తగారి చేట అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇంట్లో తెలిసిన విద్యనే కాగితం ముందు కూర్చోగానే మర్చిపోయాను. పెన్ను పట్టుకోగానే మనుషులకు పెద్దరికం వస్తుంది, అదే అసలు చిక్కు. మామూలుగా మాట్లాడే మనిషి కూడా "ఇందుమూలముగా" అని మొదలుపెడతాడు.

తర్వాత ఎప్పుడో విజయవాడ ఆఫీసుకు వెళ్ళినప్పుడు మూర్తి గారు పనిచేసే పద్ధతి చూశాను. వార్త చేతికి రాగానే మొదటి వాక్యం వదిలి కిందంతా అరచేత్తో మూసేసేవారు. ఆ ఒక్క వాక్యం చదివి, "ఇంతటితో పేపరు మడిచేస్తే ఈయనకి ఏం తెలిసినట్టు?" అని పైకే అనుకునేవారు. ఏమీ తెలియనట్టయితే ఆ కాగితం పక్కకు పోయేది. మీరూ చెయ్యి అడ్డం పెట్టుకుని చూడండి. నేను ఈనాటికీ ఎవరి వార్త చదివినా అట్లాగే చదువుతాను. మనుమలు నవ్వుతారు.

ఇప్పటి పిల్లల మొదటి వాక్యాలు చూస్తుంటే ఇంకో రకం జబ్బు కనిపిస్తోంది. "అక్కడ ఏం జరిగిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు." ఏం జరిగిందో నువ్వు చెప్పు నాయనా, ఆశ్చర్యపోవాలో వద్దో నేను చూసుకుంటాను. నేను పదకొండు వాక్యాలు దాచింది తెలియక. వీళ్ళు తెలిసి దాస్తున్నారు. నాదే నయం.

వేదిక మీద వరస

మా వైపు ఇంకో ముచ్చట ఉంది. సభ జరిగితే ఎవరు ఏం చెప్పారన్నది తర్వాత సంగతి, ఎవరి పేరు ముందు వచ్చిందన్నది అసలు సంగతి. ఒకసారి సహకార సంఘం అధ్యక్షుడి పేరు ముందు వేసి, సర్పంచి గారి పేరు తర్వాత వేశాను. సర్పంచి గారు ఏమీ అనలేదు. వాళ్ళావిడ మాత్రం మూడు నెలలు నన్ను పేరంటానికి పిలవలేదు. ఇంకెవరింటి పేరంటంలోనైనా ఎదురుపడితే, "పేపరు వాళ్ళు పెద్దోళ్ళమ్మా, మా ఇంటికెందుకొస్తారు" అని పసుపు పక్కింటావిడకు రాసేది.

అప్పటి నుంచి భయం పట్టుకుంది. సభ వార్త అనగానే ముఖ్య అతిథి పేరు, ఆయన అన్న మంచి మాట, ఆ వెంటనే వేదిక మీద కూర్చున్న వరస. దాని మీద మూర్తి గారికీ నాకూ ఎప్పుడూ పేచీయే. "మిమ్మల్ని వార్త రాయమన్నానా, శుభలేఖ రాయమన్నానా?" అనేవారు. "మీకేమండీ, మీరు గవర్నర్‌పేటలో ఉంటారు. పొద్దున్నే వీళ్ళ మొహాలు చూడాల్సింది నేను" అనేదాన్ని. ఆయన విసుక్కుంటూనే వేసేవారు.

నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఈ మర్యాదలోంచే వచ్చింది.

చివరి వాక్యం ఎక్కడికి పోయింది

ఆ ఏడు కాలువలకు నీళ్ళు వదిలారు. సార్వాకు, అంటే వానాకాలం పంటకు, నారుమళ్ళు పోసుకునే రోజులు. ఒక సోమవారం చల్లపల్లిలో రైతుల సభ పెట్టారు. పెద్ద నాయకుడొకాయన వచ్చి, "ఈసారి శివారు భూములకు కూడా నీళ్ళకు ఢోకా లేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. శివారు అంటే కాలువ చిట్టచివర ఉండే పొలాలు. పైవాళ్ళందరూ వాడుకోగా మిగిలిందే వాళ్ళకు.

ఆయన వెళ్ళిపోయాక, జనం లేచిపోతుండగా, కాలువల ఇంజనీరు మైకు తీసుకుని ఒక మాట చెప్పాడు. లాకుల దగ్గర షట్టర్లు పాడైనందువల్ల మా పిల్లకాలువను గురువారం నుంచి పది రోజులు అడ్డుకట్ట వేసి కట్టేస్తున్నారట.

నేను రాసుకున్నాను. రెండూ రాశాను. నాయకుడి మాట మొదటి వాక్యంలో, తర్వాత వేదిక మీద పేర్లు, ఇంజనీరు మాట చిట్టచివర. ఆయన చివర మాట్లాడాడు కాబట్టి చివర పెట్టాను. వరస అంటే వరసే కదా.

పేపర్లో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. ఇది నాకు తెలుసు. ఎన్నోసార్లు చూశాను. మంగళవారం పొద్దున పేపరు విప్పితే వార్త వచ్చింది. నాయకుడి మాట ఉంది, పేర్లు ఒక్కటీ పోకుండా ఉన్నాయి. ఇంజనీరు మాట లేదు.

"పోయిందండీ" అన్నాను మా ఆయనతో.

"లస్కర్లు చెప్పుకుంటార్లే" అన్నాడు, కట్టలు మోపెడుకు ఎక్కిస్తూ. లస్కరంటే కాలువ చూసుకునే మనిషి. నిజమే, చెబుతాడులే అనుకున్నాను. అనుకుని కాఫీ కలుపుకున్నాను. ఆ కాఫీ రుచి ఇప్పటికీ గుర్తే నాకు.

పేపరమ్మ ఇంటికి వచ్చిన మనిషి

తర్వాతి సోమవారం పొద్దున నాంచారమ్మక్క మా గుమ్మంలో నిలబడింది. మా ఊరికి దక్షిణంగా, కాలువ చివర, రెండెకరాలు కౌలుకు చేస్తుంది. భర్త లేడు. చదువు రాదు. పొరుగాయన పేపరు చదువుతుంటే వింటుంది.

"ఏమ్మా పేపరమ్మా! నీళ్ళు నీ పేపర్లో బాగానే పారుతున్నాయే. మా మడి బోదెలోకి ఒక్క చుక్క రాదేం?"

"కూర్చోక్కా" అన్నాను.

"కూర్చుంటే తడుస్తదా మడి? మంగళారం మీ పేపరు విన్నా. ఢోకా లేదన్నారుగా. ఆ పూటే విత్తనం నానేసి, మొలకకు మండె కట్టి, గురువారం పొద్దున చల్లా. ఆ సాయంత్రమే కాలవ కట్టేశారు. మడి నెర్రెలిస్తంది. ఆ మాటన్నాయన చప్పట్లు కొట్టించుకుని పోయాడు. ఆయన నోట్లో మన్నుబడ!"

ఆవిడ తిట్టాల్సింది ఆయన్ని కాదు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు.

"ఈ నారు పోతే మళ్ళీ పోసుకోడానికి గింజ లేదు నా దగ్గర. నాట్లు ఊడ్చే అదను దాటితే ఆ కౌలు పొలం ఇంకోడికి ఇచ్చేస్తారు. అంతే" అంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మా ఆయన మోపెడు మీద వెళ్ళి చూశాం. అరచేయంత వెడల్పు పగుళ్ళు అనను గానీ, వేలు దూరేంత ఉన్నాయి. మధ్యమధ్య మొలక పచ్చగానే ఉంది, అంచులు ఎండుతున్నాయి. ఆవిడదొక్కటే కాదు, ఆ శివారులో పేపరు నమ్మి చల్లిన వాళ్ళ మళ్ళన్నీ అట్లాగే ఉన్నాయి.

గట్టు మీద నుంచే సెల్‌ఫోనులో మూర్తి గారికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"కోసింది నేనేనండీ. ఆ రోజు చోటు లేదు. సగం తప్పు నాది."

"వాటాలు తర్వాత పంచుకుందామండీ. ముందు దీనికి తడి ఎట్లా వస్తుందో చెప్పండి."

"వార్త రాయండి. మొదటి వాక్యం ఇప్పుడే చదవండి, వింటాను."

"కన్నీటితో నారుమళ్ళు తడుపుకుంటున్న శివారు రైతులు..."

"కన్నీళ్ళతో మడి తడవదండీ. ఇంకోటి."

"అధికారుల నిర్లక్ష్యం వల్ల..."

"అధికారి మైకులో చెప్పాడన్నారు కదా. నిర్లక్ష్యం ఎవరిది?"

రాసుకున్న కాగితం మీద దాన్నీ కొట్టేశాను.

"రత్నమ్మ గారూ, ఎవర్ని తిట్టాలో కాదు, రేపు పొద్దున్నే అది చదివినవాళ్ళు ఏం చెయ్యాలో చెప్పే వాక్యం కావాలి. అది మీ దగ్గర లేదు. ఎక్కడుందో వెళ్ళి తెచ్చుకోండి."

పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. మొదటి వాక్యం కుదరడం లేదంటే చాలాసార్లు మాటలు లేక కాదు. తెలుసుకోవాల్సింది ఇంకా తెలుసుకోలేదన్న మాట. కుర్చీలో కూర్చుని పెన్ను కొరికితే రాదు. లేచి వెళ్ళాలి.

ఇంజనీరు దగ్గర దొరికిన వాక్యం

లాకుల దగ్గర ఇంజనీరు లుంగీ ఎగ్గట్టి బురదలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "సభలో చెప్పానమ్మా నేను! మీరు రాసుకుంటుంటే చూశాను కూడా" అన్నాడు. తల వంచుకుని అవునన్నాను.

ఎండుతున్న మళ్ళ సంగతి నేను చెప్పాక ఆయన అడ్డుకట్ట వైపు చూశాడు. "కొత్త షట్టర్లు గురువారం వస్తున్నాయి. బుధవారం ఒక్క పగలు ఈ కట్ట తీయించగలను. ఆరింటి నుంచి ఆరింటి దాకా. కానీ పైన తూములన్నీ మూసేస్తేనే కింది దాకా చేరుతుంది. కింద వాళ్ళు బోదెలు బాగు చేసుకుని ఉండాలి. గుర్రపుడెక్క మొక్కలు పేరుకుపోయి ఉంటే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే వెనక్కి మళ్ళుతాయి. ఒక్క రోజే. మళ్ళీ అడగొద్దు."

దారిలోనే వాక్యం కుదిరింది. ఇంటికొచ్చేసరికి శ్రీను వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆ నాయకుడి మనిషి. మా ఆయనకు దూరపు చుట్టం కూడా. కబురు ఎట్లా పసిగట్టాడో ఏమో.

"పిన్నీ, అన్నగారి చొరవతో శివారుకు నీళ్ళు అని మొదట్లో పెట్టు. అన్నగారు ఇంజనీరుకి ఫోన్ చేశారు."

"ఎప్పుడు చేశారు?"

"ఇప్పుడు చేస్తారు."

"ఇంజనీరు ఒప్పుకుని గంటయిందిరా."

"అయితే ఏంటి పిన్నీ? ఫోను ఫోనేగా."

మా ఆయన నన్ను లోపలికి పిలిచాడు. "పెట్టెయ్యవే. ఈ ఊళ్ళోనే బతకాలి మనం."

"నాంచారమ్మక్క కూడా ఈ ఊళ్ళోనే బతకాలి" అన్నాను.

ఆయన బయటికి వెళ్ళి శ్రీనుకు మజ్జిగ ఇచ్చాడు. మా ఆయన ఎవరికైనా కాదని చెప్పే పద్ధతి అదే.

నేను పంపిన మొదటి వాక్యం ఇది: "బుధవారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు మాత్రమే మా శివారు కాలువకు నీళ్ళు వదులుతారు, నారుమళ్ళు ఉన్నవాళ్ళు మంగళవారమే బోదెలు బాగు చేసుకోవాలి." పైన తూములు మూసేస్తారన్నది రెండో వాక్యం. ముందు వేసిన వార్తలో కాలువ కట్టే సంగతి రాలేదని, అది మా తప్పేనని మూడో వాక్యం. అది మూర్తి గారు చేర్చారు. నాయకుడు నిజంగానే సాయంత్రం ఇంజనీరుకు ఫోన్ చేశాడు కాబట్టి అదీ రాశాం, అడుగున.

ఆ రాత్రి మూర్తి గారు ఫోన్ చేశారు. "మీ వార్తలో 'మా శివారు' అని ఉందండీ. వార్తలో 'మా' అనకూడదు. తీసేద్దామనుకున్నాను."

"తీశారా?"

"లేదండీ."

బోదెలో

అసలు విషయం ముందు చెప్పేస్తాను. సగానికి పైగా నారు దక్కింది. నాంచారమ్మక్క ఒక ఎకరానికి తన నారే ఊడ్చింది, రెండోదానికి పొరుగాయన దగ్గర మిగిలిన నారు తెచ్చుకుంది. పొలం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

ఇక బుధవారం సంగతి. మంగళవారమంతా శివారు రైతులు బోదెల్లో దిగి గుర్రపుడెక్క లాగి పోశారు. బుధవారం నేనూ చీర ఎగ్గట్టి దిగాను. ఆరింటికి కట్ట తీశారని ఫోన్ వచ్చింది. పదయింది, నీళ్ళు లేవు. పన్నెండయింది, లేవు. పైన ఎవరో తూము ఎత్తేశారంటే ఇద్దరు కర్రలు పట్టుకుని గట్టు వెంబడి వెళ్ళారు. రెండు దాటింది. నాంచారమ్మక్క నాతో ఎప్పటిలాగే మాట్లాడుతూ పారతో బోదె మూల సరిచేస్తూనే ఉంది. తప్పు మాదేనని పేపర్లో పడిన ఆ మూడో వాక్యం ఆవిడకు ఎవరూ చదివి వినిపించలేదని నాకు అర్థమైంది. నీళ్ళ సంగతి వినగానే పార తీసుకుని లేచిపోయి ఉంటుంది.

ఇక ఆపుకోలేకపోయాను.

"అక్కా, ఒక మాట. కాలవ కట్టేస్తారని ఆ సభలోనే చెప్పారు. నేను విన్నాను, రాశాను కూడా. చివర రాశాను. పేపర్లో కింది నుంచి కోస్తారు, అది పోయింది. పోతుందని నాకు తెలిసుండాల్సింది. పెద్దోళ్ళ పేర్లు ముందు పెట్టి, నీకు కావల్సింది అడుగున పెట్టాను."

ఆవిడ పార ఆపింది. నా వంక చూసింది.

"అడుగున పెట్టావా?"

"ఊఁ."

"పాతికేళ్ళ నుంచి కాలవ అడుగున సేద్యం చేస్తన్నానమ్మా నేను. అడుగున పెట్టిందానికి ఏం చేరుద్దో నన్నడిగితే చెప్పేదాన్నిగా."

బోదె మధ్యలోనే నిలబడి ఉన్నాను. ఇంకా ఏమైనా అంటుందేమో, అంటే బాగుండు అనుకున్నాను. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"రత్నమ్మా!"

"ఏంటక్కా?"

"తర్వాత ఏడుద్దువు గానీ, ముందు పక్కకు జరుగు. నీళ్ళకు అడ్డంగా నిలబడ్డావు."

కాళ్ళ వంక చూసుకున్నాను. ఎర్రటి సన్నటి ధార, చిన్న నురుగుతో, నా మడమలకు తగిలి రెండుగా చీలి దారి వెతుక్కుంటోంది.

జరిగాను.